మైత్రీ భావన, కరుణా ధ్యానం: తరచుగా అడిగే ప్రశ్నలు

బౌద్ధ ధ్యానం అనగానే మనవాళ్లలో చాలామందికి శ్వాస మీద ధ్యాస, విపశ్యన శిబిరం, పది రోజుల మౌనం గుర్తుకొస్తాయి. అదే సంప్రదాయంలో మైత్రీ భావన అనే మరో సాధన ఉంది. సాటి మనుషుల మీద, ప్రాణుల మీద మంచి తలపును పనిగట్టుకుని పెంచుకునే సాధన అది. కోపం తగ్గించుకోవాలని వచ్చేవాళ్లు, ఇతరుల బాధ చూసి తట్టుకోలేక వచ్చేవాళ్లు దీని గురించి తరచూ అడుగుతుంటారు. వాళ్లు అడిగేవీ, అడగడానికి మొహమాటపడేవీ ఇక్కడ ఉన్నాయి. జవాబులు చాలావరకు థేరవాద (శ్రీలంక, బర్మాల్లో నిలిచిన పాత బౌద్ధ శాఖ) పద్ధతిని అనుసరించినవి. టిబెట్, చైనా వైపు సాగిన మహాయాన శాఖ నుంచి తీసుకున్న చోట ఆ సంగతి చెప్పాను.

మైత్రీ భావనలో అసలు చేసేది ఏమిటి?

ఒక మనిషిని మనసులో నిలుపుకుని, ఆ మనిషి సుఖంగా ఉండాలని కోరుకోవడం. మనసు పక్కకు పోతే మళ్లీ తెచ్చుకుని అదే కోరుకోవడం. ఆ చోట ఒక్కొక్కరినే మారుస్తూ పోవడం. సంప్రదాయం చెప్పే వరుస ఇది: ముందు తాను, తర్వాత తాను గౌరవించే వ్యక్తి, ఆపైన ప్రాణస్నేహితుడు, ఆపైన ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి, చివరికి శత్రువు.

దీనికి మూలం సుత్తనిపాతం అనే, పాళీ భాషలోని తొలి బౌద్ధ గ్రంథంలో ఉన్న మెత్త సుత్తం (మైత్రి గురించిన ఉపదేశం). తల్లి తన ఒక్కగానొక్క బిడ్డను ప్రాణమొడ్డి ఎలా కాపాడుకుంటుందో, సకల ప్రాణుల మీద అలాంటి మనసును పెంచుకోవాలని చెప్పేది అందులోనే. అయితే ఎలా పెంచుకోవాలి, ఎక్కడ తడబడతాం, తడబడితే ఏం చేయాలి అనే వివరాలు కావాలంటే విశుద్ధిమార్గం చూడాలి. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు శ్రీలంకలోని అనురాధపురంలో రాసిన గ్రంథం ఇది. ఆయన బుద్ధగయ దగ్గర పుట్టాడని సింహళ వంశకథ చెబుతుంది. ఆంధ్రదేశం వాడని కొందరు పండితులు వాదిస్తారు. ఊరు ఏదైనా, తొమ్మిదో అధ్యాయంలో ఆయన మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల మంచికి సంతోషం), ఉపేక్ష (తొణకని సమభావం) అనే నాలుగింటినీ విడమరిచిన తీరు చూస్తే మనిషి బలహీనతలు బాగా ఎరిగినవాడని తెలిసిపోతుంది. ఈ నాలుగింటినీ కలిపి బ్రహ్మవిహారాలు అంటారు.

మేము రోజూ ఇంట్లో పూజ చేసుకుంటాం. ఇది చేస్తే మతం మారినట్టు అవుతుందా?

కాదు. ఇవే నాలుగు పేర్లు పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో, 33వ సూత్రంలో ఉన్నాయి. దీపం పెట్టుకున్నాక చేయవచ్చు, నమాజు తర్వాత చేయవచ్చు, చర్చి నుంచి వచ్చాక చేయవచ్చు. ఏ దేవుడినీ నమ్మనివారికీ అడ్డు లేదు.

ఏ మాటలు అనుకోవాలి? పాళీలోనే అనాలా?

మీరు కలలు కనే భాషలో అనుకోండి. పాత పాఠాన్ని దగ్గరగా అనుసరించాలంటే ఇలా ఉంటుంది: “నాకు పగ లేకుండా ఉండాలి. బాధ లేకుండా ఉండాలి. ఆందోళన లేకుండా ఉండాలి. నేను సుఖంగా బతకాలి.” తర్వాత “నేను” స్థానంలో మరొకరు వస్తారు. కరుణా ధ్యానమైతే కష్టంలో ఉన్న మనిషిని తలచుకుని “ఈ బాధ నుంచి బయటపడాలి” అనుకోవడమే. అక్కడ వరుస కూడా వేరు. మైత్రి తనతో మొదలైతే, కరుణ చూడగానే జాలి కలిగే స్థితిలో ఉన్న మనిషితో మొదలవుతుంది.

మాటలు పొట్టిగా ఉంటే మంచిది. కొందరు దండకంలా పెంచుకుంటూ పోతారు. అప్పుడు ధ్యాసంతా తర్వాతి మాట ఏమిటన్న దాని మీదే ఉంటుంది.

తనతోనే మొదలుపెట్టడం స్వార్థం కాదా?

ఈ ప్రశ్న మన ఇళ్లలో ఆడవాళ్ల నుంచి ఎక్కువగా వస్తుంది. అందరికీ వడ్డించి, మిగిలింది తినడం అలవాటైన చోట “నేను సుఖంగా ఉండాలి” అని మనసులో అనుకోవడానికి కూడా సంకోచం కలుగుతుంది.

ఉదానం అనే పాళీ గ్రంథంలో ఒక సంభాషణ ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు మేడ మీద తన రాణి మల్లికను అడుగుతాడు: “నీకు నీకంటే ప్రియమైనవారు ఎవరైనా ఉన్నారా?” మీరేనని ఆమె అంటుందని రాజు ఆశపడి ఉండాలి. లేరని ఆమె నిజం చెప్పింది. అదే ప్రశ్న తిరిగి అడిగితే రాజు కూడా ఆలోచించి లేరనే అన్నాడు. ఇద్దరి మాటా విన్న బుద్ధుడు ఎవరినీ తప్పుపట్టలేదు. ప్రతివారికీ తన ప్రాణం తనకు ఇంతే ప్రియం కాబట్టి, తనను ప్రేమించుకునేవాడు ఇతరులను హింసించకూడదని అన్నాడు.

బుద్ధఘోషుడి లెక్క కూడా ఇదే. తన మీద తానే నూరేళ్లు మైత్రి భావించినా సమాధి స్థితి రాదని ఆయన ముందే చెప్పేశాడు. తనను ముందు పెట్టుకోవడం సాక్ష్యం కోసం మాత్రమే. నాకు సుఖం కావాలి, దుఃఖం వద్దు, ఎదుటివారికీ అంతే అని ఒప్పుకోవడానికి.

తన మీద తనకే కోపంగా, అసహ్యంగా ఉన్న దశలో కొందరికి ఈ మెట్టు గొంతులో వెలక్కాయలా ఉంటుంది. అలాంటప్పుడు వరుస పట్టుకుని వేలాడనక్కర్లేదు. తలచుకోగానే మనసు మెత్తబడే ఒక పసిబిడ్డతోనో, మేలు చేసిన మనిషితోనో మొదలుపెట్టి, తన దగ్గరికి తర్వాత రావచ్చు.

ఎంతసేపు, ఎప్పుడు, ఎలా కూర్చోవాలి?

పొద్దున ఫోను చేతిలోకి తీసుకోకముందు పది, పదిహేను నిమిషాలు చాలు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీలో కూర్చోండి. నొప్పిని ఓర్చుకుంటూ లోకం సుఖంగా ఉండాలని కోరుకోవడం అయ్యే పని కాదు. నిలబడినా, నడుస్తున్నా, కూర్చున్నా, పడుకున్నా మెలకువగా ఉన్నంతసేపూ ఈ తలపు నిలుపుకోవచ్చని మెత్త సుత్తమే చెబుతోంది. అంటే సిటీ బస్సు కూడా పనికొస్తుంది.

మాటలు అనుకుంటున్నాను, ఏమీ అనిపించడం లేదు. చిలకపలుకుల్లా ఉన్నాయి.

అందరికీ అలాగే ఉంటుంది. ఏదో పొంగి రావాలని, కళ్లు చెమర్చాలని ఎదురుచూడటంతోనే చిక్కు వస్తుంది. ఇక్కడ పెంచుకుంటున్నది కోరిక. అనుభూతి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. కోరిక నిజమైనదైతే చాలు.

ఒక ఉపాయం మాత్రం బాగా పనిచేస్తుంది. మనిషిని మొత్తంగా తలచుకోకండి. ఆ మనిషి చేసిన ఒక పనిని తలచుకోండి. గురువును తలచుకునేటప్పుడు ఆయన ఇచ్చినదాన్ని, ఆడిన మంచి మాటను గుర్తుచేసుకోమని బుద్ధఘోషుడు కూడా అంటాడు. “మా లెక్కల మాస్టారు మంచివారు” అనుకుంటే మనసు కదలదు. పరీక్ష ఫీజు ఆఖరి రోజున ఆయన చొక్కా జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి, ఎవరూ చూడకుండా మన పుస్తకంలో పెట్టిన క్షణం గుర్తొస్తే వేరే ప్రయత్నం అక్కర్లేదు. ఆయన సుఖంగా ఉండాలనే కోరిక దానంతటదే వస్తుంది.

భార్యనో, భర్తనో, ప్రేమించిన మనిషినో ముందు తలచుకోవచ్చా? చనిపోయిన నాన్నగారిని?

మొదట్లో వద్దనే పాత ఆచార్యులు అన్నారు. ప్రేమించిన మనిషి విషయంలో మైత్రి ఎక్కడ ఆగిందో, మోహం ఎక్కడ మొదలైందో తెలియదు. దీనికి బుద్ధఘోషుడు చెప్పే ఉదాహరణ నవ్వు తెప్పిస్తుంది. ఒక మంత్రి కొడుకు, మైత్రిని ఎవరి మీద భావించాలని తమ ఇంటికి వచ్చే భిక్షువును అడిగాడట. ప్రియమైన వ్యక్తి మీద అని ఆయన చెప్పాడు. ఆ యువకుడికి తన భార్యే ప్రియమైనది. ఆమెనే తలచుకుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రంతా గోడతో యుద్ధం చేశాడట!

పోయినవారి సంగతి వేరు. ఒక యువ భిక్షువు తన ఆచార్యుడి మీద మైత్రి భావిస్తూ ఎంతకీ ముందుకు సాగలేక, ఒక పెద్ద భిక్షువు దగ్గరికి వెళ్లాడు. ఏ కారణంగా సాగడం లేదో వెతికితే, ఆచార్యుడు అప్పటికే మరణించాడని తెలిసింది. ఏకాగ్రత కుదరదన్నంతవరకే ఈ నియమం. నాన్నగారిని తలచుకోవడం తప్పని కాదు. కానీ ఆ తలపు దుఃఖం వైపు జారడం సహజం కాబట్టి, ధ్యానానికి బతికి ఉన్న మనిషిని ఎంచుకోవడం మేలు.

ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి అంటే ఎవరు? వాళ్ల గురించి ఏం కోరుకుంటాం?

నన్ను అడిగితే ఈ సాధన మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే. అందరూ శత్రువు దగ్గరికి ఎప్పుడు వెళ్తామా అని దీన్ని దాటేస్తారు.

రోజూ చూస్తూ కూడా చూడని మనిషిని ఎంచుకోండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకుందాం. మొదటి రోజు కళ్లు మూసుకుంటే ఆయన ముఖం కూడా సరిగా గుర్తుకు రాదు. గేటు, నీలం చొక్కా, “సార్, పార్సిల్ వచ్చింది” అనే గొంతు మాత్రమే ఉంటాయి. పేరు ఏమిటి? పిల్లలు ఉన్నారా? రాత్రి ఎప్పుడు పడుకుంటాడు? ఇన్నేళ్లుగా ఏమీ తెలియదని అప్పుడు తెలుస్తుంది. కొన్నాళ్లు పొద్దున్నే ఆయనను తలచుకుంటూ ఉంటే, గేటు దాటేటప్పుడు కళ్లు వాటంతటవే అటు తిరుగుతాయి. ఆయన కూర్చునే ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు విరిగితే దాని కింద ఇటుక పెట్టుకున్నాడని కనిపిస్తుంది. ఆ కుర్చీ ఎప్పటి నుంచో అలాగే ఉంది. మీరు చూడటం ఇప్పుడు మొదలైంది. తర్వాత ఏం చేయాలో ఏ గ్రంథమూ చెప్పనక్కర్లేదు.

బస్సు కండక్టరు, మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే అమ్మాయి, ఆఫీసులో చెత్తబుట్టలు ఖాళీ చేసే ఆవిడ, ఎవరైనా సరే. ఒకరినే కొన్ని వారాలు పట్టుకోండి, రోజుకొకరిని మార్చకండి.

నాకు అన్యాయం చేసిన మనిషిని తలచుకుంటే మైత్రి కాదు, రక్తం మరుగుతుంది. ఏం చేయాలి?

ముందుగా, ఆ మనిషితో మొదలుపెట్టకండి. ఆస్తి పంపకాల్లో మోసం చేసిన అన్నయ్యతో నేరుగా సాధన మొదలుపెట్టి, వారం తిరగకుండా వదిలేసేవాళ్లు ఎక్కువ. కాస్త చిరాకు తెప్పించే పొరుగాయనతో మొదలుపెట్టండి. అన్నయ్య ఎక్కడికీ పోడు.

అసలు మనిషి దగ్గరికి వచ్చినప్పుడు కోపం రావడం ఖాయం. బుద్ధఘోషుడికి ఆ సంగతి తెలుసు. అందుకే ఇక్కడ ఆయన ఒక్క మందు రాసి ఊరుకోలేదు. ఇది పనిచేయకపోతే అది, అది పనిచేయకపోతే మరొకటి అంటూ వరుసగా చెప్పుకుంటూ పోయాడు. ముందు వెనక్కి వెళ్లి, ఆప్తుడి మీద మైత్రిని మళ్లీ నిలుపుకుని తిరిగి రమ్మంటాడు. కుదరలేదా? ఆ మనిషిలో ఒక్క మంచి గుణం వెతకమంటాడు. ఒకడి నడవడి చెడ్డదైనా మాట మంచిది కావచ్చు, మాట చెడ్డదైనా నడవడి మంచిది కావచ్చు. ఏ మంచీ కనిపించకపోతే, ఇలాంటివాడి గతి ముందు ముందు ఏమవుతుందో అని జాలిపడమంటాడు.

అదీ కుదరకపోతే తనను తానే మందలించుకోవాలి. ఎదుటివాడి మీద విసరాలని మండే నిప్పునో, అశుద్ధాన్నో చేత్తో పట్టుకున్నవాడు ముందు తన చెయ్యే కాల్చుకుంటాడు, తన ఒంటికే కంపు అంటించుకుంటాడు. శత్రువు చేయగలిగిందంతా అతని చేతికి అందేంతవరకే, నీ మనసులోకి వాడిని తెచ్చి నువ్వే ఎందుకు దుఃఖం పెట్టుకుంటావు అని నిలదీసుకోవాలి. ఇంకా కోపం ఉంటే, అసలు దేని మీద కోపమని అడుగుతాడు ఆయన. వెంట్రుకల మీదా? గోళ్ల మీదా? ఒంట్లోని నీటి మీదా, వేడి మీదా? మనిషిని అలా విడదీసి చూస్తే కోపానికి కాలు మోపే చోటు దొరకదంటాడు. (ఈ ఉపాయం కొందరికి అద్భుతంగా పనిచేస్తుంది, కొందరికి వికారం పుట్టిస్తుంది. మీరు ఏ రకమో చేసి చూసుకోవాలి.)

అన్నీ విఫలమైతే చివరిది: ఆ మనిషికి ఏదైనా ఇవ్వండి. శ్రీలంకలోని చిత్తలపర్వత విహారంలో ఒక భిక్షువును ఒక పెద్ద భిక్షువు మూడుసార్లు బస నుంచి లేపేశాడు. అలా లేచిపోయిన భిక్షువు తన భిక్షాపాత్రను ఆయన చేతిలో పెట్టి, “ఎనిమిది కార్షాపణాల (ఆ కాలపు నాణేల) విలువైన ఈ పాత్రను ఉపాసికయైన మా అమ్మ ఇచ్చింది. ఆమెకు పుణ్యం కలిగించండి” అన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే, మాటలు ఆగిపోయిన ఇంటికి పండగ పూట ఒక గిన్నెడు పరమాన్నం పంపడం లాంటిది. అవతలి మనసు మారుతుందో లేదో గాని, గిన్నె పట్టుకుని వాళ్ల గుమ్మం దాకా నడిచిన మనిషి మనసు మాత్రం ఇంటి దగ్గర బయల్దేరినప్పటిలా ఉండదు.

అంటే ఎవరేం చేసినా భరించమనా? మా ఆయన కొడతాడు. ఆయన మీద కూడా మైత్రి భావించాలా?

ముందు మీరు క్షేమంగా ఉన్న చోటికి వెళ్లండి. 181 మహిళా హెల్ప్‌లైన్. ధ్యానం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

దీన్ని ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. కరుణ పేరు చెప్పి దెబ్బలు తినమనే సలహా మన ఇళ్లలోనూ, కొన్ని ధ్యాన బృందాల్లోనూ వినిపిస్తుంది. గ్రంథాలు అలా చెప్పడం లేదు. విశుద్ధిమార్గంలో ఒక పరీక్ష ఉంది. మీరు, మీ ఆప్తుడు, మీకు ఏమీ కాని మనిషి, మీ శత్రువు ఒకచోట కూర్చున్నారు. దొంగలు వచ్చి, బలి ఇవ్వడానికి మీలో ఒకరిని ఇమ్మన్నారు. ఫలానా వాడిని తీసుకోండి అంటే మైత్రి పూర్తి కాలేదన్నది తెలిసిందే. కానీ “వాళ్లను వదిలి నన్ను తీసుకోండి” అన్నా పూర్తి కానట్టే అంటాడు బుద్ధఘోషుడు. నలుగురిలో మీరూ ఒకరు. మిమ్మల్ని బలి ఇవ్వడం కూడా పక్షపాతమే.

ఇంకొకటి. ఒక భిక్షువు పాము కాటుతో చనిపోయినప్పుడు, సర్పకులాల మీద మైత్రి భావించమని బుద్ధుడు చెప్పాడు. కాళ్లు లేనివాటి మీద, రెండు కాళ్లవాటి మీద, నాలుగు కాళ్లవాటి మీద, చాలా కాళ్లవాటి మీద నాకు మైత్రి ఉంది, అవి నన్ను హింసించకుండు గాక అని సాగే పాఠం అది. చివర్లో “ఆ ప్రాణులు తొలగిపోవు గాక” అని ఉంటుంది. మేలు కోరుతూనే, దూరంగా ఉండమని కూడా అనవచ్చు. కేసు పెట్టవచ్చు, విడాకులు తీసుకోవచ్చు, సాక్ష్యం చెప్పవచ్చు.

సామాజిక అన్యాయం గురించి అడిగేవారికి కూడా ఇదే జవాబు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరిస్తూ అంబేడ్కర్ తన అనుచరులతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద దయ చూపుతాననేది ఒకటి. జీవితమంతా కులం మీద పోరాడిన మనిషి, ఆ పోరాటానికీ దయకూ వైరం ఉందని అనుకోలేదు.

అమ్మ పక్షవాతంతో మంచాన పడి ఏళ్లయింది. ఆమె బాధ చూసి నేనే కుంగిపోతున్నాను. కరుణ ఇంకా పెంచుకుంటే తట్టుకోగలనా?

మీకు ఇప్పుడు ఉన్నది కరుణ కంటే ఎక్కువగా ఆమె నొప్పిని మీరూ మోయడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. బ్రహ్మవిహారాల్లో ప్రతిదానికీ ఒక దూరపు శత్రువు, ఒక దగ్గరి శత్రువు ఉంటాయని చెబుతారు. కరుణకు దూరపు శత్రువు హింస. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు దుఃఖం. అది కరుణ వేషంలోనే లోపలికి వస్తుంది.

జర్మనీలో లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో టానియా సింగర్, ఓల్గా క్లిమెకీ బృందం దీన్ని పరిశీలించింది. 2014లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, ఎదుటివారి బాధను తామూ అనుభవించేలా ముందు శిక్షణ ఇచ్చారు. బాధితుల వీడియోలు చూసినప్పుడు పాల్గొన్నవారిలో వేదన పెరిగింది. తర్వాత అదే మనుషులకు కరుణా ధ్యానం నేర్పారు. పెరిగిన వేదన తగ్గింది, ఆప్యాయత లాంటి భావాలు పెరిగాయి. మెదడులో చురుకైన ప్రాంతాలు కూడా వేరువేరుగా ఉన్నాయి.

మంచం దగ్గర ఇది ఎలా ఉంటుంది? అమ్మను పక్కకు తిప్పి, వీపున పౌడరు రాసి, దుప్పటి సరిచేస్తున్నారు. ఆమె మూలుగుతుంది. “అయ్యో, ఎంత నొప్పో, నేను చూడలేను” అన్న తలపు మిమ్మల్ని మీ గుండె బరువు మీదకే తిప్పుతుంది. “అమ్మకు ఈ నొప్పి తగ్గాలి” అన్న తలపు మీ చూపును ఆమె మీద ఉంచుతుంది. దిండు కాస్త కిందికి జరిపితే మెడ సుఖంగా ఉంటుందని అప్పుడు కనిపిస్తుంది. నాలుగోదైన ఉపేక్ష అవసరం కూడా ఇక్కడే: నేను చేయగలిగింది చేస్తున్నాను, ఆమె అనుభవించేదాన్ని పూర్తిగా నేను తీసివేయలేను. ఇది పట్టించుకోకపోవడం కాదు. పట్టించుకోకపోవడం ఉపేక్షకు దగ్గరి శత్రువు.

ఇంతా చెప్పి ఇంకో మాట. ఒక్కరే ఏళ్ల తరబడి చేసే పని కాదిది. తోబుట్టువులతో వంతులు వేసుకోండి. నిద్ర, ఆకలి పోయి, బతకాలని లేదనిపించే దాకా వస్తే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు.

పక్కవాళ్ల పిల్లలకు అమెరికాలో ఉద్యోగం వచ్చిందంటే కడుపు మండుతోంది. దీనికేమైనా ఉందా?

ముదిత ఉంది. ఇతరుల మంచి చూసి సంతోషించడం. దుఃఖంలో ఉన్నవారి మీద జాలి చూపడం కంటే ఇది కష్టం. జాలిపడేటప్పుడు మనం ఒక మెట్టు పైన ఉంటాం, ముదితలో ఆ సౌకర్యం లేదు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఆ విమానాశ్రయం ఫొటో చూసినప్పుడు, అభినందనలు టైపు చేయకముందు ఒక్క నిమిషం ఆగి “ఈ సంతోషం వాళ్లకు నిలవాలి” అని అనుకోండి. మొదట అబద్ధంలా ఉంటుంది. అందుకే సులువైన చోట మొదలుపెట్టమన్నారు: మీకు పోటీ కాని, సహజంగానే నవ్వుతూ ఉండే స్నేహితుడి సంతోషంతో.

టిబెట్ పద్ధతిలో ఇతరుల బాధను లోపలికి పీల్చుకుంటారట. ప్రమాదం కాదా?

దాన్ని టోంగ్లెన్ అంటారు. ఇది మహాయాన సాధన. ఊపిరి తీసుకుంటూ ఎదుటివారి బాధను తీసుకుంటున్నట్టు, వదులుతూ తన సుఖాన్ని ఇస్తున్నట్టు ఊహిస్తారు. 11వ శతాబ్దపు బౌద్ధ ఆచార్యుడు అతీశుడి పరంపరలో ఇది నిలబడింది. దీని వెనుక ఉన్న ఆలోచన, తనను ఎదుటివారి స్థానంలో పెట్టుకోవడం, 8వ శతాబ్దపు నలందా ఆచార్యుడు శాంతిదేవుడిలో స్పష్టంగా ఉంది. కాలి నొప్పి చేతిది కాదు కదా, మరి చెయ్యి కాలిని ఎందుకు కాపాడుతుంది అని అడుగుతాడు ఆయన.

ప్రమాదం ఏమీ లేదు, జబ్బు అంటుకోదు. అయితే కుంగుబాటులో ఉన్నవారు, మనసుకు పెద్ద గాయం తగిలి ఎక్కువ కాలం కానివారు దీని జోలికి వెళ్లకుండా మైత్రితో సరిపెట్టుకోవడం మంచిది.

ఇది పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువైందా?

కొంతవరకు. నాకు నచ్చిన ప్రయోగం 2013లో బోస్టన్‌లో జరిగింది. ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ తర్వాత పాల్గొన్నవారిని ఒక్కొక్కరినే పిలిచారు. వేచి ఉండే గదిలో మూడే కుర్చీలు. రెండింటిలో పరిశోధకుల మనుషులు కూర్చున్నారు, మూడోదానిలో వచ్చినవారు. అంతలో ఊతకర్రలతో ఒక అమ్మాయి నొప్పి పడుతూ వచ్చి గోడకు ఆనుకుంది. ముందున్న ఇద్దరూ ఫోనుల్లోంచి తల ఎత్తలేదు. శిక్షణ లేనివారిలో 16 శాతం మంది లేచి సీటు ఇచ్చారు, ధ్యానం చేసినవారిలో 50 శాతం మంది.

పాల్గొన్నది 39 మందే. పైగా కరుణా ధ్యానం చేసినవారికీ, కేవలం ఎరుక ధ్యానం (మైండ్‌ఫుల్‌నెస్) చేసినవారికీ తేడా కనిపించలేదు. కాబట్టి మైత్రీ భావనతో రక్తపోటు దగ్గర నుంచి పెళ్లి సంబంధాల దాకా అన్నీ చక్కబడతాయని యూట్యూబులో చెప్పేవారిని నమ్మనక్కర్లేదు. వేసుకుంటున్న మందులు మాత్రం ఆపకండి.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ నేర్చుకోవచ్చు?

సత్యనారాయణ గోయెంకా పరంపరలోని విపశ్యన కేంద్రాలు మనకు దగ్గర. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద, వనస్థలిపురం దాటాక ధమ్మఖేత్త ఉంది. 1976 నుంచి నడుస్తోంది. నాగార్జునసాగర్‌లోనూ, ఏలూరు దగ్గర విజయరాయిలోనూ కేంద్రాలు ఉన్నాయి. బసకు, భోజనానికి రుసుము ఉండదు. పాత విద్యార్థుల విరాళాలతో నడుస్తాయి.

అయితే అక్కడ మైత్రీ భావన ప్రధాన పాఠం కాదు. పది రోజుల శిబిరంలో పదో రోజున, మౌనం విడిచే వేళ నేర్పుతారు. ఒళ్లంతా నొప్పులతో తొమ్మిది రోజులు కూర్చున్నాక అందరి మేలు కోరుకోమంటే ఆ అనుభవం వేరుగా ఉంటుంది, నిజమే. కానీ మైత్రి ఒక్కటే నేర్చుకోవాలనుకునేవారు శిబిరం కోసం ఆగనక్కర్లేదు, పైన చెప్పినదానితో ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

కళ్లు మూసుకుని అందరూ బాగుండాలంటే సరిపోతుందా? సాయం చేయనక్కర్లేదా?

రోజుకు మూడు పూటలా మూడు వందల కుండల అన్నం దానం చేసినా ఒక్క క్షణపు మైత్రితో వచ్చే పుణ్యానికి సరితూగదని మహాయాన ఆచార్యుడు నాగార్జునుడు రత్నావళిలో రాశాడు. శాతవాహన రాజుకు చెప్పిన హితవుగా పేరుపొందిన గ్రంథం అది. ఈ ఒక్క మాటే పట్టుకుని, దానం మానేసి ధ్యానం చేసుకుందామనుకునే వారికి అదే గ్రంథం మిగతా భాగం చూపించాలి. ఖైదీలను విడుదల చేసేదాకా వారికి క్షురకులను, స్నానాన్ని, తిండిని, నీళ్లను, మందులను, బట్టలను ఏర్పాటు చేయమని అక్కడ రాజుకు చెబుతాడు.

భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఒక ఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు, ఆనందుడు అటుగా వచ్చారు. ఎవరూ చూడటం లేదా అని అడిగితే, తాను ఎవరికీ ఏ పనికీ రానని, అందుకే చూడటం లేదని అతను చెప్పాడు. ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తల వైపు, ఆనందుడు కాళ్ల వైపు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, ఇక్కడ మీకు తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయండి అన్నాడు. ఆ భిక్షువు మీద మైత్రి భావించమని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

దోమలను చంపవచ్చా?

నవ్వుకుంటూ అడుగుతారు గాని ఇది అందరికీ ఉండే సందేహమే. చిన్నవి, పెద్దవి, కనిపించేవి, కనిపించనివి అన్నీ మెత్త సుత్తంలోకి వస్తాయి, దోమకు మినహాయింపు లేదు. డెంగీ రోజుల్లో పిల్లలున్న ఇంట్లో ఏం చేయాలో మీరే నిర్ణయించుకోవాలి. కుండీల్లో, కూలర్లలో నీళ్లు నిలవకుండా చూసుకుంటే సగం ఇబ్బంది అక్కడే పోతుంది. భిక్షువులు కూడా దోమలతో వేగలేకపోతున్నామని మొరపెట్టుకున్నారు. బుద్ధుడు దోమతెర వాడుకోవడానికి అనుమతి ఇచ్చాడు.